నలభై ఒకటో తోలు

కత్తెరమ్మ గురించి ఆ గ్లౌజుల ఫ్యాక్టరీలో నాలుగు రకాల మాటలు వినిపిస్తాయి. ఆమె మిషన్ను ఓడించిందన్నది మొదటిది. ఆమె వేళ్ళలో ఏదో మహిమ ఉందనీ, తోలును ముట్టుకోగానే తప్పెక్కడుందో తెలిసిపోయిందనీ రెండోది. జవాబును ఇంజనీరే ముందుగా చెవిలో వేశాడనీ, ఆమె చిలకలా అప్పజెప్పిందనీ మూడోది. తన బల్ల దగ్గరి ఆడవాళ్ళను కాపాడుకోవడానికి వాళ్ళ తప్పును కప్పిపుచ్చిందనేది నాలుగోది. ఈ మాటలు చెప్పేవాళ్ళలో ఆ సోమవారం ఫ్యాక్టరీ పెరట్లో నిలబడి కళ్ళారా చూసినవాళ్ళు బహు తక్కువ. చూడనివాళ్ళ నోట్లో పడితే గోరంత కొండంత కావడం కొత్త సంగతి కాదు. మిషను ఓడిపోలేదు, ఈనాటికీ అదే గదిలో పనిచేస్తోంది, పొద్దున్నే దాని స్విచ్చి వేసేది కూడా ఆమే. వేళ్ళలో మహిమే ఉంటే ఆ వేళ్ళు ఒక తోలును బోర్లా పరిచి ఉండేవి కావు. మిగిలిన రెండు మాటల సంగతి, జరిగింది జరిగినట్టు చెబితే దానంతటదే తేలుతుంది.

ఆమె పదో తరగతి పాసై, లెక్కల్లో నూటికి డెబ్బై ఒక్క మార్కులు తెచ్చుకుని, పంతొమ్మిదో ఏట ఆ ఫ్యాక్టరీ కోత విభాగంలో చేరింది. ఈ సంగతి జరిగేనాటికి ఆమె చేరి ఇరవై ఆరేళ్ళయింది. భర్త లారీ నడుపుతాడు; నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఇంట్లో అత్తగారు, పైవాటాలో మరిది కాపురం. మరిది భార్య, అంటే ఆమె తోడికోడలు, అదే ఫ్యాక్టరీలో అదే బల్ల దగ్గర పనిచేస్తుంది. కత్తెరమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. రేకుల షెడ్డులో పన్నెండు కత్తెర్లు ఆడుతున్నా ఆమె కత్తెర చప్పుడు విడిగా వినిపించేదట. అది ఆగితే భోజనం గంట కొట్టినట్టే లెక్కని అందరూ చేతులు కడుక్కోవడానికి లేచేవాళ్ళట. పేరు అలా అంటుకుంది.

అక్కడ తయారయ్యేవి వెల్డింగు పనివాళ్ళు వేసుకునే మందపాటి తోలు గ్లౌజులు. వాటికి వాడే తోలు లోపలి పొర. రెండు వైపులా గరుకుగానే ఉంటుంది. ఒకవైపు మాత్రం వెంట్రుకవాసి నునుపు. ఆ వైపును ముఖమనీ, రెండోవైపును వీపనీ అంటారు. కంటికి తేడా దొరకదు. వేలి వెనకభాగంతో రాసి చూస్తేనే తెలుస్తుంది. ముఖం ఎప్పుడూ బయటికే ఉండాలి. వీపు బయటికొస్తే నిప్పురవ్వ ఆ నూగులో చిక్కుకుంటుంది. అందుకే ఎడమచేతి ముక్కను తిరగేసి కుడిచేతికి వాడుకోవడం కుదరదు. కాగితానికి చెల్లే సౌకర్యం తోలుకు చెల్లదు.

ఆ రోజుల్లో ముక్కల ఆకారాలు రేకు అచ్చుల మీద ఉండేవి. ప్రతి అచ్చు వీపునా ఒక పిడి అతికించి ఉండేది కాబట్టి దాన్ని బోర్లా పెట్టడం ఎవరి తరమూ కాదు. అచ్చు అంచున మూడుచోట్ల గాట్లుండేవి: ఒకచోట ఒంటి గాటు, ఒకచోట జంట గాట్లు, ఒకచోట మూడు గాట్లు. కుట్టేవాళ్ళు వాటిని ఆనవాలుగా పట్టుకుని ముక్కను ముక్కకు జత చేసేవారు. కోతవాళ్ళకు పెద్దల నుంచి వచ్చిన సూత్రం ఒకటి షెడ్డు గోడ మీద రాసి ఉండేది: అచ్చును తలకిందులు చేయకూడదు, చేస్తే చెయ్యి మారిపోతుంది. అసలు కారణం వేరు. తోలు ఒక దిక్కుకు ఎక్కువ సాగుతుంది, ఒక దిక్కుకు తక్కువ. అరచేతి ముక్కను అడ్డదిడ్డంగా పెడితే గ్లౌజు వంకర పోతుంది. ఆ కారణాన్ని ఎప్పుడో ఎవరో మరిచిపోయారు. సూత్రం మాత్రం మిగిలింది, దానికో కొత్త కారణం అతుక్కుంది. ఇరవై ఆరేళ్ళపాటు ఆమె దాన్ని నమ్మింది, తర్వాత వచ్చినవాళ్ళకు నేర్పింది కూడా.

తర్వాత కోత మిషను వచ్చింది. పన్నెండు మంది కోతవాళ్ళలో ఆరుగురు కుట్టు విభాగానికి వెళ్ళారు. కత్తెరమ్మతో కలిపి ఆరుగురు పరుపు బల్ల దగ్గర మిగిలారు. తోలును ముఖం పైకి వచ్చేలా పరచడం, ముడతలు తీయడం, తోలు మెడవైపు మూలన ఎవరి సుద్దగుర్తు వాళ్ళు పెట్టడం వాళ్ళ పని. పైనున్న కెమెరా తోలు ఫొటో తీస్తుంది; తెర మీద తోలు అంచు గీతగా కనబడుతుంది; కంప్యూటరు ఫైల్లోని ముక్కల ఆకారాలు ఖాళీ మిగలకుండా ఆ గీత లోపలికి వచ్చి సర్దుకుంటాయి. తర్వాత కత్తి దిగుతుంది.

మిషను పెట్టిన కంపెనీ పంపిన ఇంజనీరు మొదటిరోజు తెర చూపించి చెప్పాడు. "ఈ మూల సున్నా, సున్నా. ఇక్కడినుంచి కుడికెంత, పైకెంత, ఈ రెండంకెలు చెబితే ఏ చుక్కయినా దొరుకుతుంది."

"పదో తరగతిలో చేశాం సార్ ఇది. గ్రాఫు," అంది కత్తెరమ్మ.

"గుర్తుందా ఇంకా?"

"అప్పుడు మార్కుల కోసం చేశాం, పరీక్ష అవగానే పోయింది. ఇప్పుడు పొట్ట కోసం. ఇక పోదులెండి."

ఆ సాయంత్రమే ఆమె గళ్ళ నోటుబుక్కు ఒకటి కొనుక్కుంది.

మిషను పనిలో ఉదయమంతా ఎడమచేతి ముక్కలు, మధ్యాహ్నం నుంచి కుడిచేతివి కోసేవారు. నాలుగో వారంలో పెద్ద ఆర్డరు ఒకటి వెనక్కొచ్చింది. కొన్నవాళ్ళ తరఫున తనిఖీకి వచ్చినతను అట్టపెట్టె నిండా గ్లౌజులు తెచ్చి మేనేజరు బల్ల మీద బోర్లించాడు. ఒక ఉదయం కోసిన ఎడమచేతి ముక్కల్లో బొటనవేళ్ళు చాలావాటికి వీపు బయటికొచ్చింది. అరచేతులు కూడా కొన్ని అలాగే ఉన్నాయి. ఎడమ బుట్టలోకి కుడి ఆకారాలు ఎలాగో చేరాయి. కుట్టేవాళ్ళు ఆకారం కుదరక ముక్కను తిరగేసి కుట్టేశారు.

శనివారం మధ్యాహ్నం మేనేజరు ఆరుగురినీ తన గదికి పిలిపించాడు. ఆయన అరిచే మనిషి కాదు.

"చూడండమ్మా. నాకు మిషను మీద అభిమానమూ లేదు, మీ మీద కోపమూ లేదు. తోలు బోర్లా పరిస్తే ముక్కలు బోర్లా వస్తాయి. పరిచేది మీరు. సోమవారం సాయంత్రంలోగా వేరే కారణం కనబడితే సరే. లేకపోతే మంగళవారం నుంచి ఈ బల్లకు బయటినుంచి మనుషులొస్తారు, మీరు ఆరుగురూ రానక్కర్లేదు."

ఆయన అనుమానం నిరాధారమని అనడానికి లేదు. అరచేతులు కూడా తప్పుగా రావడం చూసిన ఎవరైనా ముందు తోలు పరుపునే అనుమానిస్తారు. ఆ ఆరుగురిలో ఇద్దరి ఇళ్ళు వాళ్ళ ఒక్క సంపాదన మీదే నడుస్తున్నాయి. కత్తెరమ్మ అక్కడికక్కడే నోరు విప్పింది.

"మిషను ముక్కల్ని తలకిందులు చేస్తోంది సార్. తెర మీద నా కళ్ళతో చూశాను. అచ్చు తలకిందులైతే చెయ్యి మారుతుంది. ఇది మాకు ఇరవై ఆరేళ్ళ లెక్క."

ఇంజనీరు కాగితం తీసుకుని, ఎడమ బొటనవేలి అచ్చు చుట్టూ గీసి, ఆకారం కత్తిరించాడు. దాన్ని బల్ల మీద తలకిందులుగా పెట్టాడు. మెల్లగా తిప్పుకుంటూ వచ్చి అచ్చు మీద పెట్టాడు. అంచుకు అంచు, గాటుకు గాటు సరిపోయింది.

"చెయ్యి ఎక్కడ మారిందమ్మా?"

తలుపు దగ్గర నిలబడ్డ కుట్టు విభాగం వాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అని ఇంకెవరో గొణిగారు. కత్తెరమ్మ ఆ కాగితం ముక్కను అడిగి తీసుకుని, నోటుబుక్కులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె వంటగది బల్ల మీద గళ్ళ కాగితం పరుచుకుంది. బొటనవేలి అంచంతా వద్దనుకుని మూడు గాట్లను మూడు చుక్కలుగా పెట్టుకుంది. ఒంటి గాటు ఒకటి, ఒకటి దగ్గర. జంట గాట్లు రెండు, అయిదు దగ్గర. మూడు గాట్లు నాలుగు, రెండు దగ్గర. ఒంటి నుంచి జంటకు, జంట నుంచి మూడుకు వేలు జరిపితే గడియారం ముల్లు నడిచే దిక్కుకే నడిచింది. అది ఎడమచెయ్యి.

మొదటి అంకెలకు, అంటే కుడికెంతో చెప్పేవాటికి, తలా మూడు కలిపింది. ఆకారం పక్కకు జరిగింది, నడక మారలేదు. రెండేసి అంకెలకూ మైనస్ గుర్తు పెట్టింది. ఆకారం తలకిందులైంది, నడక అప్పటికీ గడియారం దిక్కే. ఇంజనీరు చెప్పింది నిజమే. మొదటి అంకెలకు మాత్రమే మైనస్ పెట్టి చూసింది. ఈసారి నడక ఎదురు తిరిగింది. అద్దంలో చూసినట్టు కుడిచెయ్యి వచ్చింది.

ఒక్క గుర్తు మారితే బోర్లా పడ్డట్టని రాసుకోబోయి, పావు వంతు తిప్పితే ఏమవుతుందో కూడా చూద్దామనుకుంది. అక్కడా ఒక్క గుర్తే మారింది. అయినా బోర్లా పడలేదు, ఎందుకంటే ఆ రెండంకెలూ చోట్లు కూడా మార్చుకున్నాయి. గుర్తుల్ని నమ్ముకుంటే మళ్ళీ నవ్వులపాలే. గాట్ల నడక మాత్రం ఎన్నిసార్లు జరిపినా, ఎంత తిప్పినా అబద్ధమాడలేదు. దాన్నే పట్టుకుంది.

అత్తగారు కాఫీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చుంది. "ఆదివారం పూట కూడా బొటనవేళ్ళేనా?"

"ఎటు తిప్పినా ఎడమది ఎడమదేనా అని చూస్తున్నా అత్తయ్యా."

"నా చెప్పునడుగు, చెబుతుంది. పొద్దున గుమ్మంలో తల అటు, తోక ఇటుగా పడుంటే కుడిదనుకుని కాలు పెట్టా. పెట్టీపెట్టగానే చెప్పింది, నేను ఎడమదాన్నని."

"మరి బోర్లా పడుంటే?"

"బోర్లా పడ్డ చెప్పులో ఎవరైనా కాలు పెడతారా? లెక్కలు ఎక్కువై బుర్ర తక్కువైంది నీకు. కాఫీ చల్లారిపోతోంది, తాగు."

ఆమె తాగలేదు. ఆమెకు తట్టిన సంగతి ఇది: తోలునే బోర్లా పరిస్తే అందులోని ముక్కలన్నీ ఎదురు నడవాలి, ఒక్కటీ మిగలకూడదు. అలా కాక ఒకే తోలులో కొన్ని సరిగా, కొన్ని ఎదురుగా నడిస్తే తప్పు పరిచిన చేతులది కాదు. అయితే ముక్కలన్నీ కుట్టుకు పోయాయి. ఏ ముక్క ఏ తోలుదో చెప్పడం దేవుడి తరం కాదు. కానీ ముక్కలు పోయినా కన్నాలు మిగులుతాయి. కోత అయ్యాక మిగిలిన తోలును వాళ్ళు జల్లెడ అనేవారు. గాటు పడినచోట జల్లెడ అంచున చిన్న పన్ను లాంటి మొన నిలిచి ఉంటుంది. జల్లెడలు పూటకో కుప్పగా తుక్కుగదిలోనే ఉన్నాయి, నెలకోసారి వచ్చే బండి గురువారం గానీ రాదు.

సోమవారం పొద్దున ఆమె మేనేజరు గదిలో నిలబడి, ఇంజనీరు కూడా ఉండగా చెప్పింది. "శనివారం నేనన్నది తప్పు సార్. తిప్పితే చెయ్యి మారదు. ఇన్నేళ్ళూ అందరికీ అదే నేర్పాను, అదీ తప్పే."

"అయితే పరిచింది మీరే బోర్లా అని ఒప్పుకుంటున్నట్టా?"

"నా మాట తప్పయినంత మాత్రాన మీ మాట ఒప్పయిపోదు కద సార్. ఆ పూట జల్లెడలు ఇప్పించండి. సాయంత్రానికి చెబుతాను."

మేనేజరు తుక్కుగది తాళం తీయించాడు.

ఆ ఉదయం కోసిన తోళ్ళు నలభై ఒకటి. ఆరుగురూ కలిసి జల్లెడల్ని పెరట్లోకి మోసి, వేలి వెనకభాగంతో రాసి చూసి, ముఖం పైకి వచ్చేలా ఒక్కొక్కటే పరిచి, ఎగిరిపోకుండా ఇటుకలు పెట్టారు. కత్తెరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ప్రతి కన్నం చుట్టూ వేలు నడిపింది: ఒంటి, జంట, మూడు. తోడికోడలు నోటుబుక్కు పట్టుకుని గీతలు గీసింది.

"అక్కా, ముక్కలు చూసి మురిసేవాళ్ళని చూశాను గానీ, కన్నాలు చూసి మురిసేదానివి నువ్వే," అంది తోడికోడలు.

"మురిసిపోవడం తర్వాత. ఏడో తోలు, ఎదురువి మూడు. రాయి."

మధ్యాహ్నానికి నలభై జల్లెడలు పూర్తయ్యాయి. అన్నింటిదీ ఒకటే కథ. అరచేతులు, చేతి వెనకలు, వేళ్ళు అన్నీ సరైన నడకే. బొటనవేళ్ళలో మాత్రం కొన్ని ఎదురు నడిచాయి. అవి కూడా ఎక్కడంటే అక్కడ కాదు. తోలు అంచున ఇరుకు వంపులున్నచోటే. ఆడవాళ్ళ ముఖాల్లోకి నెత్తురొచ్చింది. ఒకామె అప్పుడే అన్నం డబ్బా తెరిచేసింది.

కుప్ప అడుగున మిగిలిన నలభై ఒకటో జల్లెడను పరిచారు. అరచెయ్యి ఎదురు. రెండో అరచెయ్యి ఎదురు. వెనకలు ఎదురు, వేళ్ళు ఎదురు. మెడ మూలను ఎత్తి చూస్తే అడుగున, వీపు మీద, సుద్దతో చిన్న త్రికోణం ఉంది. అది కత్తెరమ్మ గుర్తు.

తోడికోడలు దగ్గరికి వంగి, గొంతు తగ్గించి అంది. "అక్కా, ఇదొక్కటి మళ్ళీ తుక్కులో కలిపేద్దాం. ఎవరు లెక్కపెడతారు? నలభై చాలు మనకి."

"వాళ్ళ పెట్టెలో అరచేతులున్నాయి. అవెక్కడివంటే ఏం చెబుతావు?"

"ఏదో ఒకటి చెబుదాం. ఇది చూపిస్తే, ఇదిగో మీరే కదా అంటారు. ఆరుగురి పొట్ట నీ త్రికోణం మీద పెడతావా?"

న్యాయంగా చెప్పాలంటే తోడికోడలి మాటలో స్వార్థం కన్నా భయమే ఎక్కువ. కత్తెరమ్మ అలవాటు ప్రకారం మిగిలిన కన్నాల చుట్టూ కూడా వేలు నడుపుతూ పోయింది. అంచుకు వచ్చేసరికి వేలు ఆగింది. మళ్ళీ నడిపింది. ఒంటి, జంట, మూడు, గడియారం దిక్కే. ఇరుకు వంపులో ఉన్న నాలుగు బొటనవేళ్ళు సరిగా ఉన్నాయి. అన్నీ తప్పయిన తోలులో ఆ నాలుగే ఒప్పు.

ఆమె నోటుబుక్కు లాక్కుని, బోర్లా వేసిన ఆకారానికి మళ్ళీ మొదటి అంకెల గుర్తులు మార్చింది. మైనస్ ఒకటి తిరిగి ఒకటైంది. రెండుసార్లు బోర్లిస్తే మొదటికే వస్తుంది. తోలు బోర్లా ఉంది, సరే. ఆ నాలుగు ఒప్పుగా రావాలంటే మిషను వాటిని కూడా బోర్లించి ఉండాలి. ఇంకో దారి లేదు.

"దీన్ని తుక్కులో కలుపుదామంటావా?" అంది తోడికోడలితో. "మిగతా నలభైటికీ ఏదో వంక చెప్పగలరు. మనకు అనుకూలంగా చదువుకున్నామంటారు, ఇంకోటంటారు. దీనికి చెప్పలేరు. మన గట్టి సాక్షి ఇదే."

"నీ తప్పు కూడా బయటపడుతుంది కదక్కా."

"పడనీ. తప్పు నాదే కదా."

సాయంత్రం నాలుగింటికి మేనేజరు, ఇంజనీరు పెరట్లోకి వచ్చారు. కుట్టు విభాగం నుంచి కొందరు తలుపు దగ్గరికి చేరారు. కత్తెరమ్మ ముందు ఒక గ్లౌజు ముక్క మీద మూడు గాట్ల నడక చూపించింది. తర్వాత నలభై తోళ్ళూ చూపించింది. చివర నలభై ఒకటో దాని దగ్గర నిలబడి, "ఇది బోర్లా పరిచాం. మొత్తం తప్పుగా వచ్చిన తోలు ఎలా ఉంటుందో ఇది చూపిస్తుంది. పెట్టెలో అరచేతులు దీనివే," అంది. "ఇప్పుడు ఈ అంచున నాలుగు బొటనవేళ్ళు చూడండి సార్."

ఇంజనీరు నేల మీద కూర్చున్నాడు. మొదటి కన్నం చుట్టూ తన వేలు నడిపాడు. రెండోది, మూడోది, నాలుగోది. లేచి లోపలికి వెళ్ళి ఆ ఉదయం ఫైలు తెరిచాడు. పావుగంటకు బయటికొచ్చాడు.

"ఇరుకుచోట్ల ముక్కను బోర్లించుకోవచ్చని ఒక అనుమతి ఉంటుంది. అరచేతికి, వెనకలకి, వేళ్ళకి తీసేశాను. ఆ పూట ఫైల్లో బొటనవేలికి తీయడం మర్చిపోయాను. ఇంతకుముందు దిండ్ల స్పాంజి కోసేచోట పనిచేశాను, అక్కడ ఏ వైపైనా ఒకటే." నోటుబుక్కు వైపు చూసి, "ఫైల్లో బోర్లించినవి నూట అరవై నాలుగు. మీ లెక్క?" అని అడిగాడు.

"నూట అరవై మూడు. పన్నెండో తోలు ఒక మూల చిరిగిపోయింది, అక్కడ చదవలేకపోయాను."

"చిరిగినచోట ఒకటుంది," అన్నాడతను.

మేనేజరు నోటుబుక్కు పుటలు రెండుసార్లు తిప్పి చూశాడు. "ఈ త్రికోణం గుర్తు ఎవరిది?"

"నాది సార్."

"రిజిస్టర్లో మీ పేరు మీద ఒక తప్పు రాయాలి. తెలుసుగా?"

"రాయండి. ఒక తోలని కూడా రాయండి."

ఆయన రాశాడు: ఒక తోలు, బోర్లా పరిచినది. దాని కింద ఆమె నిండుగా, తిన్నగా సంతకం చేసింది. మంగళవారం పొద్దున బల్ల దగ్గరికి బయటినుంచి ఎవరూ రాలేదు. ఆ ఆరుగురే వచ్చారు. కుట్టు విభాగం వాళ్ళు తలుపు దగ్గర దారిచ్చి పక్కకు నిలబడ్డారు. శనివారం కిసుక్కుమన్న మనిషి కత్తెరమ్మకు కుర్చీ జరిపాడు. అందరిలోకీ తల ఎత్తుకుని నడిచింది మాత్రం తోడికోడలు. ఆ వారమంతా కనబడినవాళ్ళందరికీ ఆమె "మా అక్క" అనే మాటతోనే మొదలుపెట్టి చెప్పిందట.

కత్తెరమ్మకు హోదా పెరగలేదు, సన్మానమూ జరగలేదు. జరిగిందల్లా రెండు విషయాలు. షెడ్డు గోడ మీది పాత సూత్రాన్ని ఆమే తడిగుడ్డతో తుడిచి, ముక్కను జరపవచ్చు, తిప్పవచ్చు, బోర్లించకూడదు అని రాసింది. అరచేతికి తోలు సాగే దిక్కు చూసుకోవాలని కింద చేర్చింది. ఇంజనీరు తనంతట తానుగా కొత్త పద్ధతి పెట్టాడు. ఏ కొత్త ఆకారం ఫైల్లోకి ఎక్కినా మొదటి నమూనాను ఆమె వేలు నడిపి చూడాలి. ఆమె పెన్సిలు గుర్తు పడనిదే కత్తి దిగదు. జవాబు అతను ముందే చెప్పాడనే మాటను ఎవరైనా అతని ముందు అంటే, "నాకు తెలిస్తే కదా చెప్పడానికి" అంటాడు.

తేలిన నిజాలు ఇవి. కోతపని చేసే ఒక మనిషి, ఇరవై ఆరేళ్ళు నమ్మిన సూత్రం తప్పని ఒక మధ్యాహ్నంలో తెలుసుకుని, ఆ మాట అన్న గదిలోనే దాన్ని వెనక్కి తీసుకుంది. నలభై ఒక్క తోళ్ళను కన్నం కన్నంగా చదివి, మిషను బోర్లించిన నూట అరవై నాలుగు ముక్కల్లో నూట అరవై మూడింటిని పట్టుకుంది. దాచగలిగిన తన తప్పును దాచకుండా సాక్ష్యంగా ముందు పెట్టి, ఆరుగురి పనిని నిలబెట్టింది.